మంట చూడకుండా మీట జరిపాను

న్యూహ్యాంప్‌షైర్‌లో పాత ఇల్లు కొంటే ఇటుకల ఫైర్‌ప్లేస్ దాంతోపాటే వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ చలి కాచుకోవడానికి పెద్దగా పనికిరాదు. అందులో కట్టెలు మండుతున్నంతసేపూ గదిలోని వెచ్చటి గాలి కూడా పొగతోపాటు పైకి పోతుంది. పోయిన గాలి చోటు నింపడానికి కిటికీల సందుల్లోంచి బయటి చలి లోపలికి వస్తుంది. కట్టెలో ఉన్న వేడిలో పదోవంతు గదికి దక్కితే గొప్ప. అందుకే ఇక్కడ చాలామంది ఆ ఇటుకల గూట్లో ఇన్సర్ట్ పెట్టించుకుంటారు. ఉక్కుతోనో పోత ఇనుముతోనో చేసిన పెట్టె, దానికి ముందు గాజు తలుపు, లోపల వేడికి ఆగే ఇటుకలు, పాత చిమ్నీ పొడవునా పైనుంచి కిందికి దించిన స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం. ఆ గొట్టాన్ని లైనర్ అంటారు. మంచి ఇన్సర్టయితే కట్టెలోని వేడిలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఇంటికి దక్కుతుంది.

మేం పెట్టించుకోవడానికి కరెంటు కూడా ఒక కారణం. 2008 డిసెంబరులో పడ్డ గడ్డకట్టే వానకి చెట్లు విరిగి తీగల మీద పడి, ఈ ఒక్క రాష్ట్రంలోనే 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయిందట. కొన్ని ఊళ్ళకు రోజుల తరబడి రాలేదు. ఇరుగుపొరుగు ఇప్పటికీ ఆ తుపాను గురించి చెబుతారు. గ్యాస్ ఫర్నేస్ ఉన్నా దాని ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి. కట్టెల పొయ్యికి అక్కర్లేదు. ఇన్సర్ట్ గురించి ఆలోచిస్తున్నప్పుడు నేను రెండోసారి గర్భంతో ఉన్నాను. చంటిపిల్లతో చలిలో చిక్కుకుపోకూడదని ఆ వేసవిలోనే ఇన్సర్ట్ బిగించుకున్నాం.

తలుపు కింద ఒక మీట ఉంది. ఎడమకు జరిపితే గాలి బాగా పోతుంది, కుడికి జరిపితే తగ్గుతుంది. అందరూ దాన్ని డ్యాంపర్ అనే అంటారు. పాత ఫైర్‌ప్లేస్‌లో డ్యాంపర్ అంటే పొగ పైకి పోయే గొంతు దగ్గర ఉండే ఇనప రేకు. లైనర్ దించేటప్పుడు దాన్ని తీసేశారు. ఇన్సర్ట్‌లో ఈ మీట పొగ దారిని మూయదు, లోపలికి వచ్చే గాలిని కొలిచి వదులుతుంది. ఇదంతా బిగించినవాళ్ళు వివరంగానే చెప్పారు. నేను తలూపాను. ఆ తర్వాత దాన్ని వంటింట్లో గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పినట్టు వాడాను.

నా తప్పంతా అందులోనే ఉంది. గ్యాస్ పొయ్యి నాబ్ తగ్గిస్తే గ్యాసే తగ్గుతుంది. మంట చిన్నదవుతుంది, ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమేమీ లేదు. కట్టెల పొయ్యిలో అలా కాదు. కట్టె ముందే లోపల ఉంది, వేడెక్కి ఉంది. మీట మూస్తే తగ్గేది గాలి ఒక్కటే. కట్టె మాత్రం తనలోని వాయువుల్ని వదులుతూనే ఉంటుంది. మండటానికి గాలి చాలని ఆ వాయువులన్నీ పొగై పైకి పోతాయి. సన్న సెగ మీద పెట్టి కట్టెలు ఆదా చేస్తున్నానని నేననుకున్నాను. నిజానికి సగం కట్టెను పొగగా మార్చి చిమ్నీలోకి తోస్తున్నాను.

రోజూ రాత్రి పడుకునే ముందు పొయ్యి నిండా దుంగలు పేర్చి, అవి అంటుకున్నాయనిపించగానే మీట కుడికి జరిపేదాన్ని. ఎక్కడిదాకా జరపాలో మర్చిపోకుండా ఒక టేపు ముక్క అంటించి గుర్తు కూడా పెట్టుకున్నాను. తెల్లారి చూస్తే గాజు నల్లగా మసిబారి ఉండేది, లోపల సగం కాలిన దుంగలు ఉండేవి. కట్టె మిగిలిందని సంతోషించాను. గాజు తుడుచుకోవడం ఈ పొయ్యితో తప్పని చాకిరీ అనుకున్నాను. నల్లబడిన గాజే పొయ్యి చెబుతున్న మొదటి మాటని తెలుసుకోలేదు. లోపల వేడి చాలనప్పుడు మండని పొగ చల్లటి గాజు మీద పేరుకుంటుంది. గాజు మీద పేరుకున్నది కళ్ళకు కనబడుతుంది. లైనర్ లోపల పేరుకుంటున్నది కనబడదు.

కాన్పుకని అమ్మ వచ్చింది. తూర్పుగోదావరిలో సరుగుడు కట్టెలు, తాటాకులు, కొబ్బరి మట్టలు వేసి ఇరవై మందికి వండిన చెయ్యి ఆమెది. వచ్చిన మర్నాడే పొయ్యి ముందు కూర్చుని, "ఈ కట్టె పచ్చిదే అమ్మాయ్. చివర్న నురగ వస్తోంది చూడు," అంది. ఎండిన కట్టెలని చెప్పే అమ్మారమ్మా అన్నాను. "ఎవరు చెబితేనేం, కట్టె చెబుతోంది కదా" అంది. ఇంకో రాత్రి నేను మీట మూస్తుంటే, "మంట ఇంకా ఎర్రగా తిరుగుతోంది, పొగ తేరలేదు. అప్పుడే గాలి కట్టేస్తే ఎలాగే?" అంది. ఇది మన పొయ్యి కాదమ్మా, ఇంజనీర్లు చేసింది, దీని పద్ధతి వేరు అని చెప్పాను. మంట అన్నిచోట్లా ఒకే మంట అని ఆమెకు తెలుసు. నాకు అప్పటికి తెలియదు.

జనవరిలో ఒక రాత్రి చలి ఉన్నట్టుండి తగ్గి వాన మొదలైంది. పాప పుట్టి అప్పటికి నెల దాటలేదు. ఎప్పటిలాగే దుంగలు వేసి మీట టేపు గుర్తు దాకా జరిపాను. వంటింట్లో పొగ లాగే ఫ్యాను ఆపడం మర్చిపోయాను. తెల్లవారుజామున కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. పొగ కనబడలేదు, వాసనా లేదు. బ్యాటరీ అయిపోయిందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. మా ఆయన మాత్రం ఆలోచించకుండా పిల్లలిద్దర్నీ, అమ్మనీ కారులోకి చేర్చి 911కి ఫోన్ చేశారు. అగ్నిమాపకశాఖవాళ్ళు వచ్చి మీటరుతో గదిగదీ కొలిచారు, కిటికీలు తెరిచారు. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళలో ఒకతను పొయ్యి ముందు వంగి మీట చూశాడు, టేపు చూశాడు, తర్వాత వంటింటి ఫ్యాను చూశాడు. నన్ను ఏమీ అనలేదు. చిమ్నీ చూపించుకునేదాకా మళ్ళీ అంటించొద్దని మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఆ రాత్రి జరిగినదాన్ని తర్వాత ఒక్కొక్కటిగా విడదీసి చూసుకున్నాను. చిమ్నీ తనంతట తాను పొగను లాగదు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, అంతే. లోపలి గాలికీ బయటి గాలికీ వేడిలో తేడా ఎంత ఎక్కువుంటే పైకి పోయే జోరు అంత ఎక్కువ. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయిన రాత్రి బాగా లాగే చిమ్నీ, వెచ్చటి వాన రాత్రి నీరసంగా లాగుతుంది. పైగా మా చిమ్నీ ఇంటి బయటి గోడకు ఉంది, మూడు వైపులా చలే. గాలి కట్టేసి మంట చంపేస్తే గొట్టంలో వేడి ఇంకా పడిపోతుంది. అదే సమయంలో వంటింటి ఫ్యాను ఇంట్లోని గాలిని బయటికి తోస్తోంటే, ఆ లోటు తీరడానికి గాలి ఏదో ఒక దారిన లోపలికి రావాలి. నీరసించిన చిమ్నీయే ఆ దారి అయింది. లోపల మిగిలినవి నిప్పులు. నిప్పుల దగ్గర పొగ ఉండదు, మోనాక్సైడ్ మాత్రం పుడుతూనే ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకున్నదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు ఊపిరాడటంలేదని కూడా తెలియదు.

పొగలోంచి వేడి మరీ ఎక్కువగా పిండుకోబోతే పొగ పైకి పోవడం మానేస్తుందన్న ఈ చిక్కు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కే ఎదురైంది. 1740ల మొదట్లో ఆయన తయారుచేసిన పెన్సిల్వేనియా ఫైర్‌ప్లేస్‌లో పొగ ఒక అడ్డు మీదుగా కిందికి దిగి, మళ్ళీ పైకెక్కి చిమ్నీలోకి పోవాలి. వేడంతా గదికి దక్కాలన్నది ఆయన ఆలోచన. కానీ చల్లబడిన పొగ సరిగ్గా పైకి లేచేది కాదు. తర్వాత డేవిడ్ రిటెన్‌హౌస్ గొట్టం దారి మార్చి దాన్ని బాగుచేశాడు. ఫ్రాంక్లిన్ అంతటివాడికీ అదే చిక్కని చదివి నా తప్పును తక్కువ చేసుకోలేదు. పొగగొట్టానికీ కొంత వేడి కూలిగా ఇవ్వాలని మాత్రం అప్పుడు గట్టిగా మనసుకు పట్టింది.

అలారం మోగిన ఆ వారంలోనే చిమ్నీ శుభ్రం చేసే పెద్దాయన వచ్చాడు. లైనర్‌లోకి కెమెరా దించి తెర మీద చూపించాడు. కింది భాగంలో పొడి మసి. పైకి పోయేకొద్దీ పెచ్చులు. కొస దగ్గర నల్లగా, నిగనిగలాడుతూ, కారి గడ్డకట్టిన పూత. అదే క్రియోసోట్. గొట్టం గోడ 120 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటుగా చల్లబడితే పొగలోని తారు, నీటి ఆవిరి దాని మీద దిగి అంటుకుంటాయి. పొడి మసిని బ్రష్ దులిపేస్తుంది. నిగనిగలాడే పూత బ్రష్‌కి లొంగదు, అది అంటుకుంటే చిమ్నీలో మంట 1,100 డిగ్రీల దాకా పోగలదు. "మీరు రాత్రిళ్ళు గాలి బాగా మూస్తారు కదూ?" అని అడిగాడాయన. అవునన్నాను. "కట్టెలు ఎప్పుడు కొన్నారు?" సెప్టెంబరులో. "ఓక్ కట్టేనా?" అవును. అంతకుమించి ఆయనకు అడగాల్సింది లేకపోయింది.

ఒక దుంగను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద తేమ మీటరు గుచ్చాడు. 20 శాతం దాటితే పొయ్యికి పనికిరాదంటారు. మా కట్టెలో అది చాలా పైనే చూపించింది. బయటి ముఖం మీద గుచ్చితే మాత్రం ఎండినట్టే చూపింది. అందుకే ఎప్పుడూ చీల్చి లోపల చూడాలి. ఓక్ చీల్చి పేర్చాక కనీసం రెండు వేసవులు ఎండాలి. బర్చ్, యాష్, మేపుల్ అంతకంటే త్వరగా ఎండుతాయి. పచ్చి కట్టె మొదట తనలో నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేసుకోవాలి, ఆ పనికే చాలా వేడి ఖర్చయిపోతుంది. కట్టెలోంచి వచ్చే వాయువులు బాగా మండాలంటే దాదాపు 600 డిగ్రీలు కావాలి. తడి కట్టె మీద గాలి కూడా కట్టేస్తే ఆ వేడికి ఎప్పటికీ చేరదు. అమ్మ నురగ చూసి చెప్పింది ఇదే.

తర్వాత నేను రెండో తప్పు చేశాను. ఇది మొదటిదాని మీది భయంతో చేసింది. లైనర్ బాగుచేయించి, ఎండిన కట్టెలు తెప్పించి, మీట ఎడమ చివర పెట్టి వదిలేశాను. ఇక మూయనే మూయను అనుకున్నాను. గాజు మెరిసిపోయింది. మంట హోరుమంది. కానీ కట్టెలు చూస్తుండగానే అయిపోయేవి, గది మాత్రం అనుకున్నంత వెచ్చబడలేదు. ఇన్సర్ట్ ముందు పెట్టుకున్న థర్మామీటరు ముల్లు ఒకరోజు ఎర్రగీత దాకా పోయింది. లోపల పైకప్పులా అడ్డంగా ఉండే పలక మసకగా ఎర్రబారడం చూశాను. అవసరానికి మించిన గాలి కూడా నష్టమే. ఆ గాలి పొయ్యిలోని వేడిని మోసుకుని నేరుగా పైకి పోతుంది, గదికి ఇచ్చేదాకా నిలవదు. ఆ పలక వంగిపోతుంది, వెల్డింగులు చిట్లుతాయి.

సరైన సమయంలో గాలి తగ్గిస్తే గది ఇంకా వెచ్చబడుతుందన్నది నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. పొయ్యి ముందు ఊరికే కూర్చుని చూసినప్పుడే అర్థమైంది. అప్పటిదాకా నేను మీటను చూశాను, గడియారాన్ని చూశాను, టేపును చూశాను. మంటను చూడలేదు.

ఇప్పుడు చూసేది ఇదీ. అంటించాక మీట పూర్తిగా తెరిచే ఉంటుంది. పెద్ద దుంగలు కింద, సన్న పేళ్ళు పైన పెట్టి పైనుంచి అంటిస్తాను. అలా చేస్తే మొదటి వేడి నేరుగా గొట్టానికి అందుతుంది, పొగ తక్కువ. మొదటి మంట పసుపుపచ్చగా, చురుగ్గా, నిలువుగా ఉంటుంది. దుంగల పైముఖమంతా నల్లగా కాలి, అంచులు కణకణలాడి, మంట పొయ్యి పైభాగమంతా నిండాక మొదటిసారి మీట సగానికి తెస్తాను. మంట కాస్త వెనక్కి తగ్గుతుంది. కొద్ది నిమిషాల్లో మళ్ళీ లేచి నిలబడితే ఇంకొంచెం తగ్గించవచ్చు. అలా కాకుండా రంగు ముదిరి ఎర్రబడి, కొసలు నల్లబడి, గాజు వెనక పొగ సుడి తిరిగితే నేను తొందరపడ్డానని అర్థం. మీట వెనక్కి తెచ్చి ఆగుతాను. ఒకేసారి చివరిదాకా మూయడం ఎప్పుడూ చేయను. మంట ఆరిపోయి వాయువులు లోపల పోగుపడి, కొంచెం గాలి అందగానే ఒక్కసారిగా భగ్గుమంటే పొగ తలుపు సందుల్లోంచి గదిలోకి తన్నుకొస్తుంది. నిప్పుల మీద కొత్త కట్టె వేసేముందు తలుపు ఒక్కసారిగా తెరిచినా అంతే. ముందు గాలి పూర్తిగా వదలాలి, కాసేపాగాలి, తలుపు వేలెడు సందు తెరిచి ఇంకాసేపాగాలి, ఆ తర్వాతే పూర్తిగా తెరవాలి.

గాలి మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతే ఒక దశ వస్తుంది. పొయ్యి లోపల పైన అడ్డంగా వరసగా ఉన్న గొట్టాల చిల్లుల్లోంచి వేడెక్కిన గాలి దిగుతుంది. అది తగిలినచోట పొగ అంటుకుంటుంది. మంట కట్టెను వదిలేసి పైన గాల్లో తేలుతుంది. దుంగ మీద ఏమీ మండుతున్నట్టు ఉండదు, పైన మాత్రం పసుపు, నారింజ రేకులు నింపాదిగా కదులుతుంటాయి. అంతకుముందు చిమ్నీలోకి పోయిన పొగే ఇప్పుడు మన ఎదుట మండుతోంది. గదికి ఎక్కువ వేడి వచ్చేది ఈ దశలోనే. అప్పుడు బయటికెళ్ళి చిమ్నీ కొస చూడండి. పొగ కనబడదు, గాలి మాత్రం కదులుతున్నట్టు ఉంటుంది. బాగా చలి ఉంటే తెల్లటి ఆవిరి కొంచెం కనబడి మాయమవుతుంది. బూడిదరంగు పొగ బారులు తీరి పోతుంటే మాత్రం డబ్బు, ఆరోగ్యం రెండూ పోతున్నట్టే. ఆ పొగ పక్కింటివాళ్ళ కిటికీలోకీ పోతుంది. 2020 మే నుంచి ఇక్కడ అమ్మే కొత్త కట్టెల పొయ్యిలు గంటకు 2 గ్రాములకు మించి నుసి వదలకూడదు, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. ఆ లెక్క పరీక్షలో ఎండిన కట్టెతో, సరిగ్గా మండించినప్పటిది. మన చేతిలో తప్పు జరిగితే ఎంత మంచి పొయ్యి అయినా పొగే కక్కుతుంది.

మంటంతా తగ్గి నిప్పులు మిగిలాక వాటి మీద సన్నటి నీలి జ్వాల ఆడుతుంది. మోనాక్సైడ్ మండుతోందనడానికి గుర్తు అది. నేను ఒకప్పుడు ఆ సమయానికి గాలి కట్టేసి ఉంచేదాన్ని. ఇప్పుడు మీట కొంచెం తెరుస్తాను, నీలి జ్వాల ఆరనివ్వను. నిప్పులు తరగడానికీ, గొట్టం వెచ్చగా ఉండటానికీ అదే మంచిది. రాత్రంతా నిప్పు నిలవాలనుకుంటే గాలి కట్టేయడం దారి కాదు. బాగా ఎండిన లావు దుంగలు ఒకదానికొకటి దగ్గరగా పేర్చి, బాగా అంటుకున్నాక, మంట పైన నిలబడి ఉండేంత గాలి వదిలి పడుకోవాలి.

టేపు తీసేశాను. చిమ్నీ లాగుడు వాతావరణాన్ని బట్టి రోజూ మారుతున్నప్పుడు మీటకు ఒకే గుర్తు పనికిరాదు. అమ్మ తిరిగి వెళ్ళేలోపు కొన్ని సాయంత్రాలు ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. "ఇప్పుడు తగ్గించొచ్చా?" అని అడిగేదాన్ని. మంట చూసి చెప్పేది. ఆమెకు పై చిల్లుల్లోంచి దిగే సెకండరీ గాలి గురించి తెలియదు, గ్రాముల లెక్కలు తెలియవు. ఆమె చెప్పినవేవీ తప్పు కాలేదు. ఆమెను అంతకుముందు వినకపోవడం, చంటిపిల్ల ఉన్న ఇంట్లో వినకపోవడం, ఇప్పటికీ నాకు బాధే.

అమెరికాలోనో కెనడాలోనో ఇలాంటి పొయ్యి ఉన్న ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. చిమ్నీని ఏటా ఒకసారి, మొదటి మంట వేసే ముందే, చూపించుకోండి. కట్టెలు ఎండినవని అమ్మేవాళ్ళు చెప్పినా ఒకటి చీల్చి తేమ కొలవండి. ఓక్ అయితే రెండేళ్ళ ముందు కొని, పైన కప్పి, పక్కలు గాలికి వదిలి పేర్చండి. బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉండగలదు కాబట్టి, మూత ఉన్న లోహపు డబ్బాలో ఇంటికి దూరంగా ఉంచండి. పొయ్యి వెలుగుతుండగా వంటింటి ఫ్యాను వేయాల్సివస్తే ఒక కిటికీ కాస్త తెరవండి. పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులోనూ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. ఉన్నవాళ్ళు ఇప్పుడే లేచి దాని బటన్ నొక్కి మోగుతుందో లేదో చూడండి.